ఇంప్రోవ్ క్లాసులో సీనులోకి దిగగానే బుర్ర ఖాళీ అయిపోతోంది: మానేయాలా, కొనసాగించాలా?

ప్రశ్న అడిగినవారు ఒక ఇంప్రోవ్ కామెడీ స్కూల్లో, అంటే రాసుకున్న సంభాషణలు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ సీన్లు ఆడటం నేర్పే చోట, రెండో లెవెల్ చదువుతున్నారు, ఆరో వారం నడుస్తోంది. సీనులోకి దిగగానే బుర్ర ఖాళీ అయిపోతోందనీ, ఆ భయంతో ఇంటి దగ్గరే కొన్ని జోకులూ పాత్రలూ సిద్ధం చేసుకుని వెళ్తున్నాననీ, అయినా నవ్వులు మిగతావాళ్ళకే వస్తున్నాయనీ రాశారు. క్లాసులో చాలాసేపు లేని బంతిని విసురుకోవడం వంటి ఆటలే ఆడిస్తున్నారనీ, హాస్యం ఎప్పుడు నేర్పుతారో తెలియడం లేదనీ కూడా అన్నారు. తనలో సహజంగా హాస్యం లేదని ఒప్పుకుని మానేయడమే మంచిదా అన్నది వారి అసలు సందేహం.

ముందుగా సూటి జవాబు. మానేయకండి. ఇంటి దగ్గర సిద్ధం చేసుకుని వెళ్ళడం మాత్రం ఈ వారంతో ఆపేయండి. బుర్ర ఖాళీ కావడానికీ, మీలో హాస్యం ఉండటం లేకపోవడానికీ సంబంధం లేదు. తర్వాత చెప్పవలసిన మాట కోసం మీరు మీ లోపల వెతుక్కుంటున్నారు, అది చాలావరకు ఎదుటి మనిషి దగ్గర ఉంటుంది. ఇంప్రోవ్ స్కూల్లో విద్యార్థి మొదటి ఏడాది నేర్చుకోవలసింది ప్రధానంగా ఇదొక్కటే: తనతో సీనులో ఉన్న మనిషిని చూడటం, వినడం, చూసినదానికీ విన్నదానికీ లోనై మాట్లాడటం. నేను ఇలాంటి స్కూల్లో విద్యార్థిగా అన్ని లెవెల్సూ పూర్తి చేసి, కొన్నేళ్ళు టీముల్లో ఆడి, 14 ఏళ్ళుగా మొదటి రెండు లెవెల్సు నేర్పుతున్నాను. మీరు రాసిన ఇబ్బంది నా క్లాసుల్లో ప్రతిసారీ ముగ్గురు నలుగురికి వస్తుంది. ఒకప్పుడు నాకూ వచ్చింది.

నాకు ఈ సంగతి తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేనూ అప్పుడు రెండో లెవెల్లోనే ఉన్నాను. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన పాత్రను ఇంటి దగ్గర తయారు చేసుకుని, గొంతు, నడక, మొదటి రెండు వాక్యాలు అన్నీ అద్దం ముందు సరిచూసుకుని క్లాసుకు వెళ్ళాను. నాకంటే ముందు వేదిక ఎక్కిన సహవిద్యార్థిని ఒక కుర్చీలో కూర్చుంది. నేను కుడివైపు నుంచి వంగి నడుచుకుంటూ వచ్చి, బిగ్గరగా, "ఈ గడియారం ఇరవై ఏళ్ళుగా మూడు గంటల దగ్గరే ఆగిపోయి ఉందమ్మా" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. ఆమె ఒక్క క్షణం తడబడి, "అవునా, బాగవుతుందా?" అంది. రెండు నిమిషాల పాటు గడియారం గురించి మాట్లాడుకున్నాం. సీను అయిపోయాక మా టీచరు నన్ను ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "నువ్వు వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి ఎలా ఉంది?"

చెప్పలేకపోయాను. ఆమె మోచెయ్యి వంచి, అరచేతిని ఒక చిన్న తల కింద ఆనించినట్టు పెట్టుకుని, కుడిచేత్తో మెల్లగా జోకొడుతూ కూర్చుందట. బిడ్డను నిద్రపుచ్చుతోందన్న సంగతి క్లాసులో అందరికీ తెలుసు, నాకు తప్ప. టీచరు అదే సీనును మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ఈసారి నేను గుమ్మం దగ్గరే ఆగి ఆమెను చూశాను. మునివేళ్ళ మీద రెండడుగులు వేసి, గొంతు బాగా తగ్గించి, "పడుకుందా?" అన్నాను. "ఇప్పుడే కళ్ళు మూసింది" అంది ఆమె, పెదవులు కదిలీ కదలనట్టుగా. నా చేతిలో ఉన్నది గంట కొట్టే గడియారమని అప్పుడు తట్టింది. దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను. క్లాసంతా ఒక్కసారి నవ్వింది. నేను ఒక్క జోకు కూడా వేయలేదు. బిడ్డ లేస్తుందేమోనన్న భయం నిజంగా నాకు కలిగింది, అంతే.

సిద్ధం చేసుకున్న జోకు ఎందుకు పనిచేయదో ఈ ఒక్క సీనులోనే ఉంది. ఇంప్రోవ్‌లో ఎదుటివారు ఇచ్చే ప్రతిదాన్నీ ఆఫర్ అంటాం. మాట మాత్రమే ఆఫర్ అనుకోవద్దు. కూర్చున్న తీరు, ఊపిరి, చూపు పక్కకు తిప్పడం, ఒక మాటకు ముందు తీసుకున్న విరామం, అన్నీ ఆఫర్లే. మీ జేబులో ముందే ఒక వాక్యం ఉంటే, మీ ధ్యాసంతా దాన్ని ఎక్కడ ఇరికించాలా అన్నదాని మీదే ఉంటుంది, ఆఫర్లు మీ పక్కనుంచి వెళ్ళిపోతుంటాయి. పైగా మీరు ఆ వాక్యం అన్నాక ఎదుటివారు తాము మొదలుపెట్టినదాన్ని వదిలేసి మీ వెంట రావలసి వస్తుంది. వాళ్ళు మంచివాళ్ళైతే వస్తారు కూడా. కానీ ఆ త్యాగం ప్రేక్షకులకు కనిపిస్తుంది, సీనులో ఎక్కడో అతుకు పడినట్టు వాళ్ళకు అనిపిస్తుంది. మీకు నవ్వులు రాకపోవడానికి కారణం జోకు బాగోలేకపోవడం కాకపోవచ్చు. అది ఆ సీనులో పుట్టిన మాట కాదన్న సంగతి వినేవారికి తెలిసిపోతుంది.

"నాకు సహజంగా హాస్యం లేదు" అన్న తీర్పుకు ముందు ఒక చిన్న లెక్క వేసి చూడండి. చాలా స్కూళ్ళలో ఒక లెవెల్ 8 వారాలు, వారానికి ఒక క్లాసు, క్లాసు మూడు గంటలు, అందులో 12 నుంచి 16 మంది విద్యార్థులు. మీ క్లాసులో 14 మంది ఉన్నారనుకుందాం. 180 నిమిషాల్లో వార్మప్, ఆటలు, టీచరు వివరణ కలిపి ఒక గంట పోతే 120 నిమిషాలు మిగులుతాయి. మూడు నిమిషాల సీను, దాని మీద టీచరు ఇచ్చే సూచనలకు, అంటే నోట్స్‌కు, రెండు నిమిషాలు చొప్పున వేస్తే 24 సీన్లు పడతాయి. సీనుకు ఇద్దరు చొప్పున మనిషికి మూడు, మహా అయితే నాలుగు సీన్లు వస్తాయి. అంటే క్లాసుకు మీరు నిజంగా ఆడేది పది నిమిషాలు. మొదటి లెవెల్లో సీన్లు ఇంకా తక్కువ. ఇప్పటిదాకా మీరు సీనులో గడిపిన సమయమంతా కూడితే గంటన్నర, ఎంత ఎక్కువగా లెక్కవేసినా రెండు గంటలు దాటదు. రెండు గంటల సాధనతో వీణ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అంత తక్కువ సమయాన్ని బట్టి మీరు మీ మీద తీర్పు చెప్పుకోవడం న్యాయం కాదు.

ఈ లెక్కలో ఇంకొక విషయం ఉంది, దాన్ని విద్యార్థులు చాలా ఆలస్యంగా గ్రహిస్తారు. క్లాసులో ఎక్కువ సమయం మీరు చూస్తూ కూర్చుంటారు కాబట్టి, చదువులో ఎక్కువ భాగం కుర్చీలోనే జరగాలి. నా అనుభవంలో వేగంగా ఎదిగినవాళ్ళు ఇతరుల సీన్లను శ్రద్ధగా చూసినవాళ్ళే. ఒక విద్యార్థి ఉండేవారు, తన వంతు కోసం వేచి ఉన్నంతసేపూ పెదవులు కదుపుతూ తర్వాత చేయబోయే పాత్రను మననం చేసుకునేవారు. పక్కన కూర్చున్న మరొకామె ప్రతి సీనులోనూ ఇద్దరిలో ఎవరు ముందు మారారు అన్న ఒక్కదాన్నే చూసి, ఇంటికి వెళ్ళాక నోట్‌బుక్‌లో రాసుకునేది. లెవెల్ పూర్తయ్యేనాటికి ఇద్దరి మధ్య తేడా క్లాసులో ఎవరు అడిగినా చెప్పగలిగేంత స్పష్టంగా ఉంది, ఆమె మొదట్లో ఆయన కంటే చాలా బిడియస్తురాలు అయినా.

ఇక బంతి ఆటల సంగతి. హాస్యం ఎప్పుడు నేర్పుతారని మీరు అడిగారు, ఇప్పుడు నేర్పుతున్నది అదే. ఈ ఆటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటిని ఆడే తీరు మారుతుందని నా నమ్మకం. చికాగోలో వయోలా స్పోలిన్ (1906–1994) అనే ఆమె, నేవా బాయిడ్ అనే సామాజిక కార్యకర్త దగ్గర ఆటల ద్వారా బోధించే పద్ధతి నేర్చుకున్నారు. తర్వాత వలస కుటుంబాల పిల్లలతో నాటకాలు వేయించే పనిలో ఉన్నప్పుడు, ఇలా నటించమని నేరుగా చెప్పడానికి బదులు ఒక ఆట ఇచ్చి, ధ్యాసంతా దాని నియమం మీద పెట్టించే పద్ధతిని అభివృద్ధి చేశారు. అలా ఎన్నో ఆటలు రూపొందించి, 1963లో వాటిని పుస్తకంగా తెచ్చారు. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1955లో కంపాస్ ప్లేయర్స్, 1959లో సెకండ్ సిటీ స్థాపించినవారిలో ఒకరు. ఆ బృందాల నటులు ఈ ఆటలతోనే తయారయ్యారు. మీరు ఏ స్కూల్లో చదువుతున్నా, మీ సిలబస్‌లో చాలా భాగానికి మూలం బహుశా అక్కడే ఉంటుంది.

లేని బంతి ఆటలో జరిగేది ఏమిటో దగ్గరగా చూడండి. నేను ఒక బరువైన బంతిని రెండు చేతులతో పొట్ట దగ్గర నుంచి విసిరాను. మీరు దాన్ని ఒంటిచేత్తో తేలిగ్గా పట్టుకున్నారు. ఆ క్షణంలో బంతి చచ్చిపోతుంది, చూస్తున్న 12 మందికీ అది కనిపిస్తుంది. అదే మీరు మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒక అడుగు వెనక్కి వేసి పట్టుకుంటే, ఇద్దరి మధ్య ఏమీ లేని చోట నిజంగా ఒక వస్తువు ఉన్నట్టు అవుతుంది. సీను అంతా ఇదే. ముందు చెప్పిన సీనులో సహవిద్యార్థిని ఒళ్ళో ఉన్న బిడ్డ కూడా అలాంటి బంతే, నేను దాన్ని పట్టుకోలేదు. అందుకే ఆటలను వార్మప్ అనుకుని పైపైన ఆడేయకండి. ఆటలో బంతి బరువు మర్చిపోయే విద్యార్థి సీనులో బల్ల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోతాడు. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని నేను ఎన్ని బ్యాచుల్లో చూశానో చెప్పలేను.

ఆట జరుగుతున్నప్పుడు టీచరు పక్కనుంచి "బరువు", "కళ్ళు", "మెల్లగా" అని ఒక్కొక్క మాట అందిస్తుంటారు కదా. దాన్ని సైడ్ కోచింగ్ అంటారు, అదీ స్పోలిన్ పద్ధతే. ఆ మాట వినిపించినప్పుడు ఆగి టీచరు వైపు తిరగనక్కరలేదు. ఆట కొనసాగిస్తూనే దాన్ని ఒంట్లోకి తీసుకోవాలి. చాలామంది దాన్ని తప్పు పట్టడంగా భావించి బిగుసుకుపోతారు.

ఇప్పుడు ఆ ఖాళీ క్షణం గురించి. సీను నడుస్తోంది, మీకు ఏమీ తట్టడం లేదు, గుండె కొట్టుకుంటోంది. అప్పుడు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. నేను ముందుగా నమ్మేది ఎదుటివారిలో ఒక్క విషయాన్ని చూసి, చూసినదాన్ని పైకి అనడం. "నీ చేతులు వణుకుతున్నాయి." "నువ్వు ఇంకా కోటు విప్పలేదు." "ఆ మాట అన్నప్పటి నుంచి కిటికీ వైపే చూస్తున్నావు." ఇవి జోకులు కావు, తెలివైన మాటలూ కావు. కానీ ఇలాంటి ఒక్క వాక్యం పడగానే ఎదుటివారికి తాము చేస్తున్నదాని అర్థం దొరుకుతుంది, సీనుకు నేల దొరుకుతుంది. రెండోది, చేతులకు పని కల్పించడం. గిన్నె తుడవండి, తాళం తీయండి, ఉత్తరం మడవండి. మాట ఆగినా పని సాగుతుంటే మౌనం బరువుగా ఉండదు, తరచుగా తర్వాతి మాట ఆ పనిలోంచే వస్తుంది. అదీ కుదరకపోతే ఎదుటివారు చివరగా అన్న మాటనే, అది మీ పాత్రకు నిజంగా ఎలా తగిలిందో అలా, నెమ్మదిగా తిరిగి అనండి. "వెళ్ళిపోతున్నావా?" అన్న రెండు సెకన్లలో మీకు కోపం వచ్చిందో, ఊరట కలిగిందో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్నలు మాత్రం తగ్గించండి. బుర్ర ఖాళీ అయినవాళ్ళు సాధారణంగా "ఇది ఏమిటి? ఇప్పుడు ఏం చేద్దాం? ఎవరు వచ్చారు?" అని అడుగుతూ పోతారు. దాంతో సీనును నిర్మించే భారమంతా ఎదుటివారి మీద పడుతుంది. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అనే మూడూ మొదటి మూడు నాలుగు వాక్యాల్లో ప్రేక్షకులకు తెలియాలి. అందులో కనీసం ఒకటి మీరు చెప్పేలా చూసుకోండి. "అన్నయ్యా, నాన్న గది తాళం నీ దగ్గరే ఉంది" అనే వాక్యంలో బంధుత్వం, చోటు, ఒక చిన్న తగాదా, మూడూ ఉన్నాయి. మాట మామూలుగానే ఉంది, ఉండనివ్వండి. లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్ నుంచి మొదలుపెట్టి, తర్వాత కెనడాలోని కాల్గరీలో 1977లో లూస్ మూస్ థియేటర్ స్థాపకుల్లో ఒకరైన కీత్ జాన్‌స్టన్ (1933–2023), విద్యార్థులకు పదేపదే చెప్పినది ఇదే: కొత్తగా, తెలివిగా ఉండాలని ప్రయత్నించవద్దు, నీకు ముందుగా తట్టిన మామూలు మాటే చెప్పు. మీకు మామూలుగా అనిపించేది మరొకరికి తట్టనే తట్టదు. మీ ప్రత్యేకత అక్కడే బయటపడుతుంది. నా క్లాసుల్లో తమ మామూలు మాటను చిన్నచూపు చూసి పక్కన పెట్టేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్ళు పక్కన పెట్టిన మాటే తరచుగా ఆ రోజు చెప్పగలిగినవాటిలో మంచిది.

ఒప్పుకుని, దానికి ఒకటి జోడించు అనే అర్థంలో వాడే "ఎస్ అండ్" గురించి మీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. దాని విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఎదుటివారు సృష్టించిన లోకాన్ని ఒప్పుకోవడం వరకే దాని పరిధి. "ఈ పడవ మునిగిపోతోంది" అంటే పడవ మునుగుతోందని ఒప్పుకోవాలి. "నీ పడవ నాకివ్వు" అంటే మీ పాత్ర ఇవ్వనని చెప్పవచ్చు, అది సీనును ఆపడం కిందికి రాదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ సూత్రం పాత్రలకే గానీ మీకు వర్తించదు. మిమ్మల్ని ఎవరైనా మీకు ఇష్టం లేని విధంగా తాకినా, ఎత్తినా, అసభ్యమైన పరిస్థితిలోకి లాగినా, సీను మధ్యలోనే "ఆగుదాం" అని బయటికి వచ్చేసే హక్కు మీకు ఉంది. నేను ప్రతి క్లాసు మొదట్లో, ఎక్కడ తాకవచ్చు, ఎక్కడ తాకకూడదు, ఒంటికి నొప్పులేమైనా ఉన్నాయా అని ఒకరికొకరు చెప్పుకునేలా రెండు నిమిషాలు కేటాయిస్తాను. మీ క్లాసులో ఆ పద్ధతి లేకపోతే అడిగి పెట్టించుకోండి.

ఇది చెప్పడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక టీచరు, సీను నుంచి బయటికి వచ్చేసిన ఒకమ్మాయిని అందరి ముందు "నీకు ఒప్పుకోవడం రాదు" అని మందలించారు. ఆమె తర్వాతి వారం నుంచి రాలేదు. ఆ రోజు మేమెవ్వరం నోరు విప్పలేదు, నేను కూడా. మీరు అడిగిన "మానేయాలా" అన్న ప్రశ్నకు అవును అని చెప్పవలసిన సందర్భాలు అలాంటివే: టీచరు విద్యార్థులను అవమానిస్తున్నప్పుడు, వద్దన్న మాటకు విలువ లేనప్పుడు, తర్వాతి లెవెల్ ఫీజు మీ ఇంటి అవసరాలకు అడ్డం పడుతున్నప్పుడు. మొదటి రెండింటిలో స్కూలు మారండి. మూడోదానిలో కొన్ని నెలలు ఆగి వెళ్ళండి, చదువు ఎక్కడికీ పోదు. బుర్ర ఖాళీ కావడం ఈ జాబితాలోకి రాదు.

నోట్స్ తీసుకోవడం గురించి కూడా కొంచెం చెప్పాలి. టీచరు మీ సీను గురించి చెప్పేటప్పుడు "నేను అలా ఎందుకు చేశానంటే" అని వివరణ మొదలుపెట్టకండి. వినండి, ఒక్క వాక్యంలో రాసుకోండి, తర్వాతి సీనులో ఆ ఒక్కదాన్నే ప్రయత్నించండి. నాలుగు నోట్స్‌ను ఒకేసారి పాటించాలనుకుంటే మళ్ళీ మీ ధ్యాస మీ లోపలికే వెళ్తుంది. తోటి విద్యార్థులకు మీరు నోట్స్ ఇవ్వవద్దు, వాళ్ళు మీకు ఇస్తే మర్యాదగా తప్పుకోండి. క్లాసులో నోట్స్ ఇచ్చే పని ఒక్కరిదే కావాలి, లేకపోతే ఎవరూ ఎవరినీ నమ్మి ఆడలేరు. ఒక లెవెల్ మళ్ళీ చేయమని టీచరు సూచిస్తే దాన్ని ఓటమిగా తీసుకోకండి. లాస్ ఏంజెలెస్‌లో 1974 నుంచి నడుస్తున్న గ్రౌండ్లింగ్స్ లాంటి పేరున్న చోట కూడా లెవెల్ మళ్ళీ చేయించడం మామూలు విషయమే. నేను రెండో లెవెల్ రెండుసార్లు చేశాను, రెండోసారి నేర్చుకున్నదే ఇప్పటికీ నేర్పుతున్నాను.

ఒకేసారి రెండు స్కూళ్ళలో చేరాలన్న ఆలోచన ఉంటే కనీసం ఒక ఏడాది ఆగండి. స్కూలుకూ స్కూలుకూ పద్ధతి వేరు. సెకండ్ సిటీ సంప్రదాయంలో ఇంప్రోవ్ ద్వారా పుట్టిన సీన్లను తిరగరాసి, నాటికలుగా కూర్చి ప్రదర్శించడం ముఖ్యం. అప్‌రైట్ సిటిజన్స్ బ్రిగేడ్ పద్ధతిలో సీనులో మొదటగా కనిపించిన వింత ప్రవర్తనను పట్టుకుని, దాన్ని పెంచుకుంటూ పోవడాన్ని గేమ్ అంటారు, శిక్షణ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. జాన్‌స్టన్ దారిలో కథ, ఇద్దరి మధ్య హెచ్చుతగ్గులైన స్టేటస్ ముఖ్యం. 1967లో సాన్ ఫ్రాన్సిస్కో బృందం ది కమిటీ మొదలుపెట్టి, తర్వాత చికాగోలో డెల్ క్లోజ్, షార్నా హాల్పెర్న్ తీర్చిదిద్దిన హెరాల్డ్ అనే పెద్ద రూపంలో మూడు సీన్లు మూడేసిసార్లు తిరిగి వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. మీకది బహుశా మూడో లెవెల్లోనో నాలుగో లెవెల్లోనో వస్తుంది, ఇప్పుడు దాని గురించి ఆలోచించనక్కరలేదు. ఈ పద్ధతులన్నీ మంచివే. అయితే ఒకచోట "వింతను వెంటనే పట్టుకో" అనీ, మరోచోట "తొందరపడకు, కథను నడవనివ్వు" అనీ ఒకే వారంలో వింటే, ఇప్పటికే తడబడుతున్న విద్యార్థికి నోరు పెగలదు.

క్లాసు బయట చేయదగినవి రెండున్నాయి. సహవిద్యార్థుల్లో నలుగురైదుగురు కలిసి, కొంచెం అనుభవం ఉన్న ఒకరిని కోచ్‌గా పెట్టుకుని, వారానికి రెండు గంటలు సాధన చేయండి. మనుషులు తక్కువ కాబట్టి ఆ రెండు గంటల్లో మీకు క్లాసులో దొరికేదాని కంటే మూడు రెట్ల సీన్లు దొరుకుతాయి. కోచ్ లేకుండా చేస్తే మాత్రం అది త్వరలోనే ఒకరినొకరు విమర్శించుకోవడంగా మారుతుంది. రెండోది, షోలు చూడటం. చూసిన ప్రతిసారీ ఒక్క విషయాన్నే వెంబడించండి. ఒక రోజు సీన్లు ఎక్కడ ఆపుతున్నారో చూడండి, మరొక రోజు ఎవరు ఎక్కువ మౌనంగా ఉంటున్నారో చూడండి. టీముల ఆడిషన్ల ఆలోచన ఈ దశలో పెట్టుకోకండి. నేను రెండుసార్లు ఎంపిక కాలేదు. రెండుసార్లూ నేను సెలెక్టర్ల కోసం ఆడానే గానీ, నాతో సీనులో ఉన్నవారి కోసం ఆడలేదు.

మీకు ఇంకా రెండు క్లాసులు, ఆ చివర బహుశా ఒక క్లాసు షో ఉంటాయి. ఈ రెండు క్లాసులకూ ఏమీ రాసుకోకుండా వెళ్ళండి. ప్రతి సీనులోనూ నోరు తెరవడానికి ముందు ఎదుటివారిని ఒక పూర్తి ఊపిరి తీసుకునేంతసేపు చూడండి. మొదట్లో ఆ రెండు మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, చూసేవారికి అవి అసలు తెలియను కూడా తెలియవు. షో రోజు బంధువులూ స్నేహితులూ వస్తారు, వాళ్ళను నవ్వించాలన్న కోరిక మళ్ళీ బలంగా లేస్తుంది. వేదిక ఎక్కే ముందు ఒకరి వీపు ఒకరు తట్టి "నీ వెనక నేనున్నాను" అని చెప్పుకునే అలవాటు చాలా స్కూళ్ళలో ఉంది. మీ క్లాసులో కూడా ఉంటే ఆ మాట అనేటప్పుడు ప్రతి ఒక్కరి ముఖమూ చూసి అనండి, చూపు అక్కడి నుంచే మొదలవుతుంది.

షోను ఎవరైనా వీడియో తీస్తే వెంటనే చూడవద్దు, ఒక వారం ఆగండి. చూసేటప్పుడు మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఏ సీనులో మీ కళ్ళు ఎదుటివారి మీద ఉన్నాయో, ఏ సీనులో నేల మీదో ప్రేక్షకుల మీదో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. తర్వాత శబ్దం పెట్టి మళ్ళీ చూసి, నవ్వులు ఎక్కడ పడ్డాయో ఆ పక్కన రాసుకోండి. మూడో లెవెల్లో చేరాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి నిర్ణయించుకోండి.